గిజెలా చూపించిన వియన్నా

మా గిజెలా వియన్నా మొహం కూడా చూడలేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఆ సంగతి నాకూ జోఫియాకూ తెలిసేసరికి మా ముగ్గురికీ జుట్టు నెరిసిపోయింది. అప్పటిదాకా వియన్నా గురించి మాకు తెలిసిందంతా గిజెలా చెప్పిందే.

మాది బ్రాటిస్లావా. వియన్నా మాకు పక్క ఊరి కింద లెక్క. కోటగుట్ట ఎక్కి నిలబడితే అవతల ఆస్ట్రియా పొలాలు కనిపిస్తాయి. మా అమ్మల కాలంలో ఇక్కడ ట్రాము ఎక్కి అక్కడ దిగేవాళ్ళు, పని చూసుకుని, కాఫీ తాగి, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. తర్వాత యుద్ధం వచ్చింది, ఆ తర్వాత కమ్యూనిస్టులు వచ్చి సరిహద్దు పొడుగునా ముళ్ళకంచె వేశారు, దాటనిచ్చేవాళ్ళు కాదు. ఆ కంచె ఇవతలే మాకు పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, నడుములు వంగిపోయాయి.

గిజెలా, జోఫియా, యొలానా అనే నేను, ముగ్గురం ఒకే కుట్టు ఫ్యాక్టరీలో, ఒకే బల్ల దగ్గర చొక్కాలకు కాజాలు కుట్టేవాళ్ళం. చేతులకు ఊపిరాడనంత పని, నోటికి మాత్రం ఏ పనీ లేదు. నేను సూపర్‌వైజరును తిట్టుకుంటూ కుట్టేదాన్ని. గిజెలా వియన్నా చెబుతూ కుట్టేది.

గిజెలా పిట్టంత మనిషి. చలికాలం వస్తే చాలు ముక్కు ఎర్రబడిపోయేది. మొగుడు డాన్యూబ్ మీద పడవల్లో పనిచేసేవాడు, ఎప్పుడూ దిగువకే వెళ్ళేవాడు, వియన్నా వైపు ఎగువకు ఒక్కసారీ పంపలేదు. పిల్లలు లేరు. రెండు గదుల ఇల్లు, ఒక కుక్క, అంతే తన సంసారం. కానీ "చిన్నప్పుడు మా అమ్మ నన్ను ట్రాములో తీసుకెళ్ళేదే" అని మొదలుపెట్టిందంటే మా బల్ల చుట్టుపక్కల మిషన్లన్నీ నెమ్మదించేవి. ఏ వీధి మూల ఎవరు వయొలిన్ వాయిస్తారో, ఏ మ్యూజియంలో కాపలా ముసలాయన కుర్చీలో గురక పెడతాడో, ఏ తోటలో బాతులు మనుషుల వెంట పడతాయో, అన్నీ చెప్పేది. మా ఇళ్ళల్లో ఆస్ట్రియా టీవీ వచ్చేది. అందులో కనిపించే వియన్నాకీ గిజెలా వియన్నాకీ పొంతన కుదరకపోతే టీవీదే తప్పనుకునేవాళ్ళం.

జోఫియా గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. తను ఉత్తరాన కొండ ఊళ్ళ నుంచి వచ్చిన మనిషి. మాట గొడ్డలిపెట్టు, మనసు వెన్న. పెళ్ళయిన కొత్తల్లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల బడిలో చేరిన ఏడాదే జ్వరమొచ్చి పోయింది. ఆ శరదృతువులో పోతే, చలికాలమంతా జోఫియా నోరు విప్పలేదు. పనికి వచ్చేది, కుట్టేది, వెళ్ళిపోయేది. పలకరిస్తే ఉలుకూ పలుకూ లేదు. పార్టీ సెక్రటరీ వచ్చి ఓదార్పు ఉపన్యాసం ఇచ్చాడు. దానికే మనిషి ఇంకా ముడుచుకుపోయింది. నాకైతే వాణ్ణి ఇస్త్రీపెట్టెతో కొట్టాలనిపించింది.

అప్పుడు గిజెలా తన కుర్చీ లాక్కెళ్ళి జోఫియా పక్కన వేసుకుంది. "పదవే, కాఫీకి పోదాం" అంది. జోఫియా తలెత్తలేదు. గిజెలా మాత్రం తనపాటికి తను మాటల్లోనే వియన్నా ట్రాము ఎక్కించింది, దింపింది, ఒక సందులో నడిపించింది, ఒక కాఫీ హోటల్లో కూర్చోబెట్టింది. పైన గాజు కప్పట. దాని మీద మంచు పడుతుంటే లోపలినుంచి చూడొచ్చట. మధ్యలో చిన్న నీళ్ళ తొట్టి, అందులో ఎర్ర చేపలు. వెయిటరు ముసలాడు వచ్చి, "జోఫియమ్మగారూ, మీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదండీ" అంటాడట.

రోజూ అదే. రోజూ అదే హోటలు, అదే కుర్చీ. చేపలు ఇవాళ ఏం చేశాయి, వెయిటరు కోడలితో ఎందుకు గొడవపడ్డాడు, కొత్తగా ఏ కేకు పెట్టారు. గిజెలాకు గొంతు బొంగురుపోయేది, అయినా ఆపేది కాదు. ఒకరోజు అలాగే, "రెండు కాఫీలు చెప్పనా?" అని గిజెలా అడిగితే, జోఫియా దారం తెంపుతూ అంది: "నాకు కాఫీ వద్దు. చాక్లెట్ తాగుతా."

ఆ మాటకి నేను పెట్టిన కేకకు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. ముగ్గురం ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. ఆ రోజునుంచి మళ్ళీ మాకు జోఫియా దక్కింది.

అందుకే, ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రభుత్వం కూలి కంచె తెగిన చలికాలంలో, ఊరు ఊరంతా బస్సులకోసం ఎగబడుతుంటే, జోఫియా వేరే ఏమీ అడగలేదు.

"గిజెలా, నన్ను ఆ హోటలుకు తీసుకెళ్ళవే" అంది. "మ్యూజియాలు మీరు చూసుకోండి. నేను చచ్చేలోపు ఆ గాజు కప్పు కింద కూర్చోవాలి."

గిజెలాకు నడుంనొప్పి వచ్చింది. అది తగ్గితే జలుబు వచ్చింది. జలుబు తగ్గితే కుక్కకు బాగాలేదంది. నాకు ఒళ్ళు మండి, "ఏమే, ఇన్నేళ్ళు వియన్నా వియన్నా అని మా చెవులు హోరెత్తించావు, తీరా తలుపు తెరిస్తే గుమ్మం దాటవేంటే?" అని దులిపేశాను. గిజెలా మొహం పాలిపోయింది. "సరే, ఆదివారం" అంది. ఆ వారమంతా కంటిమీద కునుకు లేదని తర్వాత తనే చెప్పింది. జోఫియాకు నిజం తెలిస్తే మళ్ళీ ఆ చలికాలంలోలాగా నోరు మూసుకుపోతుందని తన భయం.

బస్సులో మా ఊరి వాసనంతా ఉంది. ప్రతివాడి ఒళ్ళోనూ రొట్టెపొడి అద్ది వేయించిన మాంసం ముక్కలే, రొట్టెల మధ్య పెట్టి పొట్లాలు కట్టుకొచ్చారు. అక్కడ నీళ్ళు కొనడానికి కూడా మా డబ్బు చాలదు మరి. సరిహద్దు దగ్గర పోలీసు పాసుపోర్టులు చూసి నవ్వుతూ చెయ్యి ఊపాడు. నవ్వే పోలీసును చూసి మా వెనక సీటు ఆవిడ భయపడి దండం పెట్టుకుంది.

వియన్నాలో దిగగానే జోఫియా గిజెలా చెయ్యి పట్టుకుంది. "ఎటే?"

గిజెలా అటూ ఇటూ చూసింది. "ఇటు" అంది.

ఇటు వెళ్ళాం. తర్వాత అటు వెళ్ళాం. ఎడమకు తిరిగాం, వెనక్కి వచ్చాం, ఒక వంతెన ఎక్కి మళ్ళీ అదే వంతెన దిగాం. మ్యూజియం కనిపిస్తే నేను ఆగిపోయాను, అంత పెద్ద మెట్లు! "తర్వాత చూద్దాం" అని గిజెలా లాక్కుపోయింది. గుర్రబ్బండ్లు కనిపించాయి, వాటినీ చూడనివ్వలేదు. ఒక దుకాణం అద్దంలో నిమ్మపండ్లు కొండలా పేర్చి ఉంటే నేనూ జోఫియా నోరెళ్ళబెట్టి నిలబడ్డాం. గిజెలా నిమ్మపండ్లకేసి చూడలేదు. జోఫియా మొహంలోకి చూస్తోంది.

"ఈ వీధేనా?" అంది జోఫియా.

"ఇదే అనుకుంటా. పేరు మార్చేసినట్టున్నారు."

జోఫియా ఒప్పేసుకుంది. మా ఊళ్ళో ప్రభుత్వం మారినప్పుడల్లా వీధుల పేర్లు మార్చేవాళ్ళు, నేను పుట్టిన సందుకు ఇప్పటికి ఎన్ని పేర్లో నాకే తెలీదు. ఇంకో వీధికి వెళ్ళాం. అక్కడా గాజు కప్పు లేదు. "బాంబు పడి ఉంటుంది" అంది గిజెలా. జోఫియా అదీ నమ్మింది, కానీ మొహం చిన్నబుచ్చుకుంది.

"అయ్యో, చేపలు" అంది మెల్లగా.

ఆ మాట విని గిజెలా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చలికేమో అనుకున్నాను, నా తెలివి అంతే.

మధ్యాహ్నానికి కాళ్ళు పీకేస్తున్నాయి. ఒక పార్కు బెంచీ మీద కూర్చుని పొట్లాలు విప్పాం. "ఈ వంటకం తమదేనంటారట ఇక్కడివాళ్ళు. మా అమ్మ చేసింది తిని చూడమను ఒకసారి" అని జోఫియా పళ్ళు కొరికింది. గిజెలా తినలేదు, తన ముక్క పావురాలకు వేసింది. మాంసం పావురాలకు వేసేదాన్ని నేను అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. "మతి పోయిందా నీకు?" అన్నాను. మిగిలింది కూడా తుంచి వేసింది.

లేచి ఒక సన్నటి సందులోకి తిరిగాం. అక్కడ క్యూ ఉంది.

ఇప్పుడు మా ఊరివాళ్ళ సంగతి చెప్పాలి. క్యూ కనిపిస్తే ముందు నిలబడతాం, ఏం ఇస్తున్నారో తర్వాత అడుగుతాం. అడిగేలోపు నీ వెనక పదిమంది చేరిపోతారు, సరుకు అయిపోతుంది. నారింజలకు నిలబడ్డాం, టాయిలెట్ కాగితానికి నిలబడ్డాం, ఒకసారి నేను పిల్లల బూట్లకు నిలబడి రెండూ ఎడమకాలివే తెచ్చుకున్నాను. మా కోటు జేబుల్లో ఎప్పుడూ ఒక వల సంచీ ఉంటుంది. ఇక జోఫియాకు ఏ సందేహమూ లేదు. వెళ్ళి చివర నిలబడి, సంచీ తీసి విదిల్చింది.

"రండే, నిలబడండి. మంచి సరుకై ఉంటుంది, ఎవరూ మాట్లాడటంలేదు చూడండి."

"అందరూ నల్లకోట్లు వేసుకున్నారేంటే?" అన్నాను.

"వియన్నా వాళ్ళు కదా. నారింజలకీ కోటు వేసుకొస్తారు."

గిజెలా అడగొచ్చు, జర్మను వచ్చింది తనొక్కదానికే బాగా. నాకు వింటే అర్థమవుతుంది, జోఫియాకు అదీ రాదు. కానీ గిజెలా ఆ సాయంత్రం బస్సు దాకా ఎలాగోలా పొద్దు గడిచిపోతే చాలనుకుంటోంది. క్యూ అయితే ఇంకా మంచిది, హోటలు వెతకక్కర్లేదు. వచ్చి మా ముందు నిలబడింది. మా వెనక ఇంకొందరు చేరారు. క్యూ ఒక తలుపులోంచి లోపలికి వెళ్ళింది, మేమూ వెళ్ళాం.

లోపల చిన్న చర్చి. కొవ్వొత్తులు. పువ్వులు. ఒక ముసలాయన ఫోటో, దాని పక్కన కుర్చీలో నల్లముసుగు వేసుకున్న ఒక ముసలావిడ. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఆవిడ చెయ్యి పట్టుకుని ఓదార్చి పోతున్నారు. అది చావు క్యూ!

జోఫియా చేతిలో వల సంచీ ఇంకా తెరిచే ఉంది. "దాచవే, దాచు" అని గిల్లాను. మడిచి చేతి తొడుగులోకి కుక్కుకుంది. వెనక్కి పోదామంటే సందు లేదు. మా వంతు వచ్చేసింది.

ఆవిడ గిజెలా చెయ్యి పట్టుకుంది. మా బట్టలు చూసి, మొహాలు చూసి, "మీరెవరమ్మా? ఎక్కడివాళ్ళు?" అంది.

"ప్రెస్‌బర్గ్ అమ్మా" అంది గిజెలా. మా ఊరి పాత పేరు అది.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "అంత దూరం నుంచి మావారి కోసం వచ్చారా?"

లేదమ్మా, పొరపాటున వచ్చాం, క్షమించండి అంటే అయిపోయేది. నేనైతే అదే చెప్పి పారిపోయేదాన్ని. గిజెలా ఆ ముసలావిడ మొహంలోకి చూసింది. పొద్దున్నుంచి వణుకుతున్న మనిషి ఒక్కసారిగా నిలకడగా నిలబడింది.

"అవునమ్మా" అంది. "చిన్నప్పుడు ట్రాములో చూసేదాన్ని ఆయన్ని. మా అమ్మ గంపతో వచ్చేది, బరువు. ఆయన కనిపిస్తే చాలు, లేచి వచ్చి గంప పైకి అందుకునేవారు. దిగేటప్పుడు మళ్ళీ దించేవారు. మా అమ్మ ఆయన గురించి చెప్పని రోజు లేదు."

ముసలావిడ గిజెలా చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని బుగ్గకు ఆనించుకుంది. "చేస్తారమ్మా. ఆయన అలాంటివే చేస్తారు. చేసి ఇంట్లో చెప్పరు" అని ఏడ్చింది, నవ్వింది. "ఇన్నేళ్ళ కాపురం చేశాను, ఇవాళ కొత్తమాట ఒకటి విన్నాను ఆయన గురించి. భోజనాలకు ఉండండి తల్లీ."

"బస్సు ఉందమ్మా" అని గిజెలా ఆవిడ నుదుటి మీద ముద్దు పెట్టింది. ముగ్గురం బయటపడ్డాం.

సందు మలుపు తిరిగేదాకా గబగబా నడిచాం. అక్కడ జోఫియా ఆగింది. "ఏం చెప్పావే ఆవిడకి? ఆవిడ మొహం దీపం పెట్టినట్టు అయిపోయింది."

గిజెలా చెప్పింది.

"అయితే ఆయన నిజంగా నీకు తెలుసా?"

"తెలీదు."

"మరి అంత గుక్కతిప్పుకోకుండా ఎలా చెప్పావే? అబద్ధమని అనిపించనే లేదు!"

గిజెలా అక్కడే ఒక ఇంటి మెట్టు మీద కూలబడింది. మంచు తడి అని కూడా చూడలేదు. "నాకు వచ్చింది అదొక్కటేనే" అంది. "జోఫియా, ఆ హోటలు లేదు. బాంబు పడలేదు, పేరు మారలేదు. అసలు లేదు. నేనెప్పుడూ ఈ ఊరు రాలేదే."

జోఫియా కదల్లేదు.

"మా అమ్మ వచ్చేది. బాతులూ గసగసాలూ తెచ్చి ఇక్కడ సంతలో అమ్ముకునేది. నన్ను పక్కింట్లో వదిలేసి వచ్చేది. నేను ఏడ్చి ఏడ్చి చచ్చేదాన్ని. అందుకని సాయంత్రం వచ్చి, నన్ను ఒళ్ళో వేసుకుని, ఇవాళ నువ్వూ నేనూ ఇక్కడికెళ్ళాం, ఇది తిన్నాం, ఇది చూశాం అని చెప్పేది. నేను కూడా వచ్చినట్టే చెప్పేది. పడుకునేసరికి నాకు నిజంగా వచ్చినట్టే ఉండేది." ముక్కు తుడుచుకుంది. "ఇవాళ తిరుగుతుంటే అర్థమైంది. మా అమ్మ కూడా ఆ సంతలోంచి బయటికి వచ్చి ఉండదు. బాతులు అమ్ముకునేదానికి తీరికెక్కడిది? ఆవిడా ఏదీ చూడలేదే. అన్నీ నాకోసం కల్పించింది."

వీధిలో మనుషులు మమ్మల్ని తప్పించుకుని నడిచిపోతున్నారు. జోఫియా వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. వెళ్ళిపోతోందని నా ప్రాణం గిలగిల్లాడింది. ఇన్నేళ్ళ స్నేహం పరాయి ఊళ్ళో, ఎవరి ఇంటి మెట్టు దగ్గరో తెగిపోతుందా అనుకున్నాను. గిజెలా తల ఎత్తడం లేదు.

జోఫియా తిరిగి వచ్చింది. వచ్చి గిజెలా ఎదురుగా నిలబడింది.

"ఆ చలికాలమంతా నన్ను లేని చోట కూర్చోబెట్టావా?"

"అవునే."

"మరి నువ్వెక్కడ కూర్చున్నావే?"

గిజెలాకు ప్రశ్న అర్థం కాలేదు. తల ఎత్తి, "నీ పక్కనే" అంది.

"అదే కదా నేను చెప్పేది!" అని కసిరింది జోఫియా. కసురుతోందే గానీ కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "నువ్వు ఉన్నావు. ఇంకెవరున్నారు నాకు అప్పుడు? మా ఆయన సారాకొట్లో ఉన్నాడు. దేవుడు ఎక్కడున్నాడో తెలీదు. చేపలు లేకపోతే పోనీ, వెధవ చేపలు. లే, ఆ మెట్టు తడిగా ఉంది."

"నన్ను వదిలేస్తారేం, నేనూ అదే బల్ల దగ్గర ఉన్నానుగా!" అన్నాను. "నువ్వు అరవడానికి ఉన్నావు" అంది జోఫియా. ముగ్గురం ఏడుస్తూనే నవ్వాం, నవ్వుతూనే ముక్కులు చీదుకున్నాం.

గిజెలా లేచింది. భయంభయంగా మళ్ళీ జోఫియా మొహంలోకే చూస్తోంది, కోపం ఇంకా ఎక్కడైనా మిగిలిందేమోనని. జోఫియాకు అప్పుడు తట్టింది.

"ఆగు ఆగు. అయితే నీకూ ఇవాళే మొదటిసారా?"

"అవును."

"ఒసేయ్, పొద్దున్నుంచీ నువ్వు నా మొహం తప్ప ఇంకేదీ చూడలేదే! మ్యూజియం చూశావా? గుర్రాలు చూశావా? ఆ నిమ్మపండ్లు?"

"లేదు" అంది గిజెలా చిన్నపిల్లలాగా.

"ఇంతేసి ఊరు పెట్టుకుని నా మొహం ఏం చూస్తావే, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నదేగా! యొలానా, ఆ పక్క పట్టుకో."

ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకున్నాం. ఎటు వెళ్ళాలో మా ముగ్గురిలో ఎవరికీ తెలీదు, అడగాలనీ అనిపించలేదు. సందు దాటగానే పెద్ద మైదానం లాంటి చోటు వచ్చింది. జోఫియా అక్కడ ఆగి, వెనకనుంచి గిజెలా రెండు భుజాలూ పట్టి తిప్పి, గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకి ఎత్తింది. "ఇప్పుడు చూడు. మాకు ఏమీ చెప్పక్కర్లేదు. ఊరికే చూడు."

ఎదురుగా పెద్ద చర్చి. పొద్దున్నుంచీ మేం దాని చుట్టూనే తిరిగాం, తల మాత్రం ఎత్తలేదు. దాని శిఖరం ఆకాశంలోకి పోతూనే ఉంది. మంచు సన్నగా మొదలైంది. గిజెలా టోపీ వెనక్కి జారి కింద పడింది, తనకు తెలియలేదు. నేను తీసి చేతిలో పట్టుకున్నాను. ఆ మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండటం నా జన్మలో అదే చూడటం.

చివరికి, మాతో కాదు, ఎవరితోనో అన్నట్టు అంది:

"ఇంత పెద్దదని చెప్పలేదేమే అమ్మా!"